పేరు మార్చుకోమని ఎలా అడగాలి?

(శ్రీకాకుళంలో తెలుగు వికీపీడియా కొత్త కార్యకర్తల శిక్షణలో ఒక పాత వాడుకరి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. మొహమాటపడకండి.

నన్ను ఈ పూట మాట్లాడమన్నది చిన్న విషయం మీద. వికీపీడియాలో కొత్తగా ఖాతా తెరిచినవాళ్ళు ఒక్కోసారి అక్కడ చెల్లని పేరు పెట్టుకుంటారు. ఆ పేరు మార్చుకోమని వాళ్ళకి మనం చెప్పాలి. ఎలా చెప్పాలి? అంతే విషయం. "దీనికి గంట ఎందుకు మాస్టారూ, తయారుగా సందేశం మూస ఉంటే అంటించేస్తే పోలేదా" అని పొద్దున్న టీ దగ్గర ఒక అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. ఈ గంటంతా దానికే జవాబు చెబుతాను.

ముందు మీరొకటి చెప్పండి. మీ ఇంటికి ఎవరో కొత్త మనిషి వచ్చారు. గుమ్మంలో నిలబడ్డారు. మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏమిటి? చెప్పండమ్మా... ఆఁ, "రండి, కూర్చోండి". అంతే కదా. తరవాత మంచినీళ్ళు ఇస్తాం. చెప్పులు విడవకుండా లోపలికి వచ్చేసినా సరే, "పర్వాలేదండీ" అంటూనే నెమ్మదిగా అటు పక్క చూపిస్తాం. వీధి గుమ్మం దగ్గరే ఆపి, "చెప్పులు విప్పు, లేకపోతే బయటికి గెంటుతాను" అని ఏ ఇంట్లోనూ అనరు. అవునా?

మరి ఇది వినండి. "మీ వాడుకరి పేరు నియమాలకు విరుద్ధంగా ఉంది. వెంటనే మార్చుకోండి. లేనిపక్షంలో మీ ఖాతాను నిరోధించవలసి వస్తుంది." ఇది నేను రాసిన సందేశం. అక్షరం మార్చకుండా చదివాను. ఒక కొత్త మనిషికి వికీపీడియాలో దక్కిన మొట్టమొదటి పలకరింపు ఇది. ఎవరికి రాశానో, ఏం జరిగిందో చెబుతాను.

కొన్నేళ్ళ కిందట జీడిపప్పు వ్యాసంలో ఒకాయన మూడు మార్పులు చేశారు. మొదటిది, గ్రేడుల గురించి ఉన్న వాక్యం సరిచేశారు. మనం కొట్లో "త్రీట్వంటీ ఇవ్వండి" అంటాం కదా, ఆ 320 ఏమిటో మీలో ఎంతమందికి తెలుసు? ధర అనుకుంటున్నారా? ఒక పౌను తూకానికి ఎన్ని నిండు పప్పులు వస్తాయో ఆ లెక్క అది. 300 నుంచి 320 వస్తే డబ్ల్యూ 320. 180 లోపే సరిపోతే డబ్ల్యూ 180, అంటే పెద్ద పప్పు. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది. వ్యాసంలో ఇది తలకిందులుగా ఉంది. ఎన్నాళ్ళ నుంచి అలా ఉందో! మేమంతా చదివాం, ఎవరికీ తెలియలేదు. ఆయనకి తెలిసింది. రెండోది, పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు ఎందుకు నల్లబడతాయో ఒక వాక్యం రాశారు, గుల్లలో ఉన్న జీడి రసం అంటి చర్మం కాలుతుందని. మూడోది ఒక అచ్చుతప్పు. ఒత్తు జారిపోయిన చోట ఒత్తు పెట్టారు. చూడండి, ఎంత శ్రద్ధ ఉంటే ఆ పని చేస్తారు?

ఆయన వాడుకరి పేరు ఆయన కొట్టు పేరు. చివర పలాస. ఆ కొట్టు పేరు ఇక్కడ చెప్పను.

నేను ఆ మార్పులు చూడలేదు. పేరు చూశాను. వ్యాపార ప్రకటన అనుకున్నాను, ఆ మూడు వాక్యాలు రాశాను, సంతకం పెట్టాను, తరవాతి పనిలో పడ్డాను. పని త్వరగా అయిపోయిందని సంతోషం కూడా పడ్డాను. ఆయన మళ్ళీ రాలేదు. ఒక్క మార్పు కూడా చెయ్యలేదు. పలాస జీడిపప్పు గురించి చేత్తో తెలిసిన మనిషి తెలుగు వికీపీడియాకి వచ్చి, మూడు వాక్యాల దెబ్బకి వెళ్ళిపోయారు.

తరవాత ఎప్పుడో ఆ వ్యాసంలో ఎవరెవరు ఏం మార్చారో చూపే చరిత్ర పేజీ చూస్తుంటే నాకు తట్టింది. ఆయన లెక్కలో అది ప్రకటన ఎలా అవుతుంది? బజార్లో ఆయన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎంతమంది ఉంటారు? కొట్టు పేరే ఆయన పేరు. మన ఊళ్ళలో చూడండి, "మెడికల్ షాపు బాబు" అంటాం, "మిల్లు మావయ్య" అంటాం. ఇరవై ఏళ్ళు పక్కింట్లో ఉన్నా అసలు పేరు తెలియదు. వాట్సాప్‌లో కొట్టు పేరు, డబ్బులు పంపే క్యూఆర్ కాగితం మీద కొట్టు పేరు, గుమ్మం మీద బోర్డు సరేసరి. వికీపీడియా "మీ పేరు?" అని అడిగితే అదే రాశారు. అందులో దురుద్దేశం ఎక్కడుంది?

నియమం తప్పని నేను అనడం లేదు, జాగ్రత్తగా వినండి. నియమానికి కారణం ఉంది. వికీపీడియాలో మనం రాసే ప్రతి వాక్యం క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద రాస్తాం. ఎవరైనా వాడుకోవచ్చు, రాసినవాళ్ళ పేరు చెప్పాలి. రాసినవాళ్ళు అంటే ఒక మనిషి. కొట్టు పేరుతో, సంఘం పేరుతో, కాలేజీ పేరుతో ఖాతా ఉంటే ఇవాళ ఒకరు రాస్తారు, రేపు ఇంకొకరు రాస్తారు. తప్పు జరిగితే ఎవర్ని అడగాలి? అందుకని ఒక ఖాతాకి ఒక మనిషి. రెండోది, కొట్టు పేరుతో రాస్తే ఆ పేరు ప్రతి వ్యాసం చరిత్రలోనూ కనబడుతుంది, ప్రచారం అయిపోతుంది. ఈ రెండు కారణాలూ చెబితే ఎవరికైనా అర్థమవుతాయి. నేను చెప్పలేదు. నియమం ఉందన్నాను, ఎందుకుందో చెప్పలేదు. అదీ నా తప్పు.

ఇంకో సంగతి. ఈ నియమం అన్ని వికీపీడియాల్లోనూ ఒకేలా లేదు. జర్మన్ వికీపీడియాలో సంస్థ పేరుతోనే ఖాతా పెట్టుకోవచ్చు, ఆ సంస్థ తాలూకు మనిషేనని రుజువు చూపిస్తే చాలు. ఇంగ్లీషు వికీపీడియాలో వట్టి కంపెనీ పేరు ఒప్పుకోరు గానీ, ఫలానా కంపెనీలో ఫలానా మనిషి అని తెలిసేలా పెడితే ఒప్పుకుంటారు. అంటే ఏమిటి? అక్కడ చెల్లిన పేరు ఇక్కడ చెల్లకపోవచ్చు. కొత్త మనిషికి ఇవన్నీ పుట్టుకతో తెలియవు కదా!

సరే, ఏ పేర్లు చెల్లవో త్వరగా చెప్పేస్తాను, మీకు ఇచ్చిన కాగితంలోనూ ఉన్నాయి. తిట్లు, బూతులు, కులాన్నో మతాన్నో కించపరిచేవి. ఇంకొకర్ని దెబ్బతియ్యడానికి పెట్టినవి. "అడ్మిన్", "నిర్వాహకుడు" లాంటివి, లేని అధికారం ఉన్నట్టు కనబడేవి. "బాట్" అని చివర ఉండేవి, అది యంత్రాలకి పెట్టే పేరు. సంస్థల పేర్లు. బతికున్న ప్రముఖుల పేర్లు, ఆ మనిషి తనే అయితే తప్ప. మన జిల్లాలో ఒకే పేరున్నవాళ్ళు కోకొల్లలు. నిజంగానే మీ పేరు ఒక పెద్దమనిషి పేరుతో కలిస్తే మార్చుకోవాల్సిన పని లేదు, మీ వాడుకరి పేజీలో "నేను ఆయన కాను" అని ఒక్క ముక్క రాస్తే చాలు.

ఇందులో మొదటి రెండు రకాలకి బుజ్జగింపులు అక్కర్లేదు. పక్కవాణ్ణి కులం పేరుతో తిట్టడానికే ఖాతా తెరిచినవాడికి "రండి, కూర్చోండి" అని నేను చెప్పను, మీరూ చెప్పొద్దు. నేరుగా నిర్వాహకులకి చెప్పండి, వాళ్ళు ఆపేస్తారు. ఒక్క మార్పు కూడా చెయ్యకుండా, పేరు పెట్టి ఊరుకున్న ఖాతాల జోలికీ వెళ్ళకండి. ఆ మనిషి మళ్ళీ వస్తాడో రాడో, ఉత్తరం దండగ. నేను మాట్లాడుతున్నది మిగిలినవాళ్ళ గురించి. మంచి మనసుతో వచ్చి, తెలియక తప్పు పేరు పెట్టుకున్నవాళ్ళు. మీకు తగిలేవాళ్ళలో చాలామంది వాళ్ళే.

ఇక్కడ కాసేపు ఆగుతాను. అసలు ఆ పేరు తప్పో కాదో మనకెలా తెలుసు?

పెంటయ్య. ఈ పేరు వినగానే ఈ గదిలో ఎవరికీ నవ్వు రాలేదు చూశారా? ఎందుకంటే మనకి తెలుసు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఈసారి పుట్టినవాణ్ణి చేటలో పెట్టి పెంట మీద కాసేపు ఉంచి, "వీడు మాకు పెంట మీద దొరికాడు" అని ఎత్తుకొచ్చేవాళ్ళు. దిష్టి తగలకూడదని, మృత్యువు కన్ను పడకూడదని ఆ పేరు పెట్టేవాళ్ళు. తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు... మన శ్రీకాకుళం, విజయనగరాల్లో ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. బిడ్డని ఎవరి చేతికో ఇచ్చి, గుప్పెడు తవుడు పోసి కొనుక్కునేవాళ్ళు. ఆ పేర్ల వెనక పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి ఏడుపు ఉంది. ఇది బతకాలని మొక్కిన మొక్కు ఉంది.

మనలాంటి ఒక కార్యకర్త, కుర్రాడు, పట్నంలో పుట్టి పెరిగినవాడు, మంచివాడే, కొత్త ఖాతాల జాబితా చూస్తూ పెంటయ్య అన్న పేరు దగ్గర ఆగాడు. అసభ్యంగా ఉందనుకున్నాడు. కానీ ఒక మంచి పని చేశాడు. సందేశం పెట్టే ముందు నాకు ఫోన్ చేశాడు. "మాస్టారూ, ఇలాంటి పేరుతో ఒకరు వచ్చారు, నిరోధించమని అడగనా?" అన్నాడు. నేను అడిగాను, "ఆయన ఏం రాశారు నాయనా?" అని. మన జిల్లాలో తేలినీలాపురం వచ్చే వలస పక్షుల గురించి రాశారట, గూడబాతులు ఏ చెట్ల మీద గూళ్ళు కడతాయో. నేను పేరు కథ చెప్పాను. ఆ అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తరవాత ఆయన చర్చా పేజీలో, అంటే ఆయనకి సందేశాలు రాసే పేజీలో, స్వాగతం రాసి, చింతచెట్ల గురించి ఒక ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్నకి ఎంత పొడుగు జవాబు వచ్చిందో తెలుసా! ఊరివాళ్ళు ఆ పక్షుల్ని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారని కూడా రాశారు. ఆ ఫోన్ చెయ్యకపోయి ఉంటే?

మాండలికం కూడా చూడండి. "గుంటడు" అంటే మనకి కుర్రాడు. "గుంట" అంటే ఆడపిల్ల. "మా గుంటకి జొరం" అంటాం. అదే మాట ఇంకో జిల్లాలో అంటే తిట్టినట్టు వినబడుతుంది. మనవాడెవడో ముచ్చటపడి "సిక్కోలు గుంటడు" అని పేరు పెట్టుకుంటే, వేరే చోటి కార్యకర్తకి మొరటుగా తోచవచ్చు. అలాగే మనకి మొరటుగా తోచే మాట ఇంకో సీమలో ముద్దుపేరు అయి ఉండవచ్చు. తెలుగు పెద్ద భాష, మనకి తెలిసింది మన మూలే.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసేసరికి ఇంకో చిక్కు. దీక్షిత్ అనే ఇంటిపేరు ఇంగ్లీషులో రాసి చూసుకోండి. చివర ఒక ఇంగ్లీషు తిట్టు దొర్లుతుంది. ఇది మన ఒక్కరి బాధ కాదు. ఇంగ్లండులో స్కన్‌థోర్ప్ అని ఒక ఊరుంది. 1996లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీలో ఆ ఊరివాళ్ళు ఖాతాలు తెరవబోతే, ఊరి పేరు మధ్యలో ఒక బూతు మాట అక్షరాలు ఉన్నాయని యంత్రం తోసేసింది. పుట్టిన ఊరి పేరు చెప్పుకున్నందుకు! యంత్రం అక్షరాలు చూస్తుంది. మనం కూడా అక్షరాలే చూస్తే ఇక మనం ఎందుకు ఇక్కడ?

అందుకని నా మొదటి మాట ఇది, రెండుసార్లు చెబుతాను. చెప్పే ముందు అడగండి. చెప్పే ముందు అడగండి. "ఈ పేరు ఎందుకు పెట్టుకున్నారండీ?" అని. నిజమైన పేరు అయితే క్షమించమని పక్కకి తప్పుకుందాం. సంస్థ పేరు అయితే, "మీరు ఆ సంస్థలో ఉంటారా?" అని అడిగితే మాట కలుస్తుంది.

సరే, ఇప్పుడు సందేశం. పలాస ఆయనకే ఇవాళ రాస్తే ఎలా రాస్తానో చదువుతాను. బోర్డు మీద కూడా వేశారు, చూడండి.

"నమస్కారమండీ. తెలుగు వికీపీడియాకి స్వాగతం. జీడిపప్పు వ్యాసంలో గ్రేడుల లెక్క మీరు సరిచేసేదాకా మాలో ఎవరికీ ఆ తప్పు తెలియలేదు, చాలా థాంక్స్. మీ వాడుకరి పేరు ఒక కొట్టు పేరులా అనిపించింది. నేను పొరబడితే చెప్పండి. కొట్టు పేరే అయితే ఒక చిన్న ఇబ్బంది ఉంది. ఇక్కడ ఒక ఖాతా ఒక మనిషిదిగా ఉండాలి, రాసినవాళ్ళకి ఆ గుర్తింపు దక్కాలి కాబట్టి. మీ సొంత పేరో, మీకు నచ్చిన ఇంకో పేరో పెట్టుకోవచ్చు. తెలుగులోనే రాసుకోవచ్చు. మీరు చేసిన మార్పులు ఎక్కడికీ పోవు, కొత్త పేరు మీదికి వస్తాయి. ఎలా చెయ్యాలో తెలియకపోతే ఇక్కడే ఒక్క మాట రాయండి, నేను దగ్గరుండి చేయిస్తాను. ఇంకో మాట, పిక్కల్ని కాల్చడం, ఆవిరి పట్టడం రెండింటికీ తేడా వ్యాసంలో లేదు. మీకు తెలిసి ఉంటుంది, రాస్తారా?"

ఇందులో నిరోధం అన్న మాట ఉందా? లేదు. "విరుద్ధం" ఉందా? లేదు. మొదట ఏముంది? ఆయన చేసిన పని. చివర ఏముంది? ఆయన చెయ్యగలిగిన పని. పేరు సంగతి మధ్యలో ఉంది. చివరి వాక్యం నాకు చాలా ముఖ్యం. మీరు ఇక్కడ ఉంటారని మేం అనుకుంటున్నాం అన్న సంగతి అందులో ఉంది. మూస వాడొద్దని అనను, రోజుకి వందమంది వచ్చే చోట మూస కావాలి. మన దగ్గర అంతమంది రారు. వచ్చే నలుగురికీ చేత్తో రాసే తీరిక మనకి ఉంది.

ఇంకో చిన్న సంగతి. సందేశం పెట్టి గంటలో మళ్ళీ పెట్టకండి. కొత్త మనిషికి చర్చా పేజీ అనేది ఒకటుందని కూడా తెలియదు. పైన గంట బొమ్మ మీద అంకె వెలిగితే అదేమిటో అనుకుంటాడు. వారం ఆగండి. మన పిల్లలు ఉద్యోగానికి పోతే, పండక్కి వచ్చేదాకా ఆగడం లేదూ!

ఇక పని ఎలా జరుగుతుంది? ఇది పాతవాళ్ళకి కూడా సరిగ్గా తెలియదు, అందుకని చెబుతాను. ఇదివరకు ఏ వికీపీడియాకి ఆ వికీపీడియాలో "అధికారి" హోదా ఉన్న వాడుకరులు పేర్లు మార్చేవాళ్ళు. తెలుగులో మన అధికారులే మార్చేవాళ్ళు. 2015 ఏప్రిల్లో, వికీపీడియాని నడిపే వికీమీడియా సైట్లన్నిటిలోనూ ఉన్న ఖాతాలు ఒకటి చేశారు. తెలుగు వికీపీడియా, ఇంగ్లీషు వికీపీడియా, విక్షనరీ అనే నిఘంటువు, బొమ్మలు దాచే కామన్స్ అన్నిటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. ఒకే పేరు ఇద్దరికి ఉన్న చోట ఒకరి పేరు వెనక ఒక వంకర గీత, ఆ వికీ పేరు తగిలించారు. అప్పటి నుంచి పేరు మార్చడం ప్రపంచమంతటికీ కలిపి ఉన్న కొద్దిమంది చేతిలో ఉంది. గ్లోబల్ రీనేమర్లు అంటారు. వాళ్ళూ మనలాంటి స్వచ్ఛంద కార్యకర్తలే.

కొత్త మనిషి చెయ్యాల్సింది చాలా తక్కువ. లాగిన్ అయి, పేరు మార్పు అభ్యర్థన పేజీకి వెళ్ళి, కొత్త పేరు, కారణం రాయాలి. కారణం ఒక్క వాక్యం చాలు. కొన్నిసార్లు ఒక రోజు పడుతుంది, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. అయ్యాక కొత్త పేరుతో, పాత పాస్‌వర్డ్‌తోనే లాగిన్ కావాలి. ఇక్కడ చాలామంది టెన్షన్ పడతారు. "నా ఖాతా పోయింది, పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు" అంటారు. ఇంకా పాత పేరే కొడుతుంటారు! ముందే చెప్పండి. పాత చర్చల్లో సంతకాలు మాత్రం పాతవిగానే ఉంటాయి, అవి వాటంతట అవి మారవు.

మార్పులు రెండో మూడో అయితే ఇంత తతంగం కూడా అక్కర్లేదు. కొత్త ఖాతా తెరుచుకుని, పాతది వదిలెయ్యమనండి. ఖాతా తీసెయ్యడం అనేది వికీపీడియాలో కుదరదు, వదిలెయ్యడమే.

ఫోన్ నంబరు పేరుగా పెట్టుకున్నవాళ్ళు తగులుతారు. ముఖ్యంగా ఆడపిల్లలు. వేరే యాప్‌లన్నీ నంబరు అడుగుతాయి కదా, అలవాటు. ఇక్కడ మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. పేరు మార్చినా, ఏ పేరు ఏ పేరుగా మారిందో చిట్టాలో అందరికీ కనబడుతుంది. నంబరు అక్కడ ఉండిపోతుంది. మీరు చర్చా పేజీలో "మీ నంబరు పెట్టకండి" అని రాస్తే, నంబరు అక్కడే ఉందని ఊరందరికీ మీరే చాటినట్టు. ఆ పిల్ల ఈమెయిల్ ఇచ్చి ఉంటే ఈమెయిల్ పంపండి. కొత్త ఖాతా తెరవమనండి. పాతదాన్ని కనబడకుండా చేసే అధికారం ఉన్నవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళకి గుట్టుగా తెలియజెయ్యాలి. ఈ పని వారం ఆగేది కాదు, చూసిన నిమిషమే చెయ్యాలి. అర్థమైందా అమ్మా? మళ్ళీ చెప్పనా? సరే.

కాలేజీ సంగతి. మనం కాలేజీల్లో శిక్షణ పెడతాం. ల్యాబ్‌లో ముప్పైమంది కూర్చుంటారు. ఖాతాలు తెరవమంటాం. ఆరుగురికి వస్తాయి. ఏడో అమ్మాయికి రాదు. ఎందుకు? ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి ఒక రోజులో ఆరు ఖాతాలే తెరవనిస్తుంది వికీపీడియా. ల్యాబ్ అంతటికీ ఒకే చిరునామా. అప్పుడు లెక్చరరుగారు ఏం చేస్తారు? పిల్లలు ఖాళీగా కూర్చున్నారు, టైమ్ అయిపోతోంది. కాలేజీ పేరుతో ఒక ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ బోర్డు మీద రాస్తారు. "అందరూ ఇందులోంచే రాయండమ్మా". నేను కళ్ళారా చూశాను. చాక్‌పీసుతో, పెద్ద అక్షరాల్లో. ఆ సాయంత్రం ఆ ఖాతా ఆగిపోతుంది, ఇరవైనాలుగుమంది పిల్లలు రాసినదానికి పేరు దక్కదు. ఆ లెక్చరరుగార్ని మనం తప్పుపట్టగలమా? ముందే చెప్పని తప్పు మనది. ముందుగా అడిగితే ఆ రోజుకి ఆ పరిమితి సడలిస్తారు. లేదా పిల్లల్ని ముందు రోజే ఇళ్ళ దగ్గర, సొంత ఫోన్ డేటాతో ఖాతాలు తెరుచుకు రమ్మనాలి. పేరు మార్చమని అడిగే అవసరమే రాకుండా చూసుకోవడం అన్నిటికంటే పెద్ద స్నేహం.

కొత్త పేరు ఏం పెట్టుకోవాలో తోచక ఆగిపోయేవాళ్ళూ ఉంటారు. "నా పేరుతో ఇంకెవరో ఉన్నారట మాస్టారూ" అంటారు. ఉంటారు మరి, అప్పలరాజు, సింహాచలం అని కొడితే ఎప్పుడో ఎవరో తీసేసుకుని ఉంటారు. అప్పుడు నేను మన వైపు కథకుల సంగతి చెబుతాను. కాళీపట్నం రామారావుగారు కారా అయ్యారు. ఈ శ్రీకాకుళంలోనే 1997లో కథానిలయం పెట్టారు. ఈ ఊళ్ళో పుట్టిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు రావిశాస్త్రి. విజయనగరం చాగంటి సోమయాజులుగారు చాసో. ఇంటిపేరులో ఒక అక్షరం, పేరులో ఒక అక్షరం. చిన్న పేరు, ఇంకెవరితోనూ కలవదు. మీ ఇంటిపేరు, పేరు అలా కలిపి చూడండి అంటే కుర్రాళ్ళ మొహాలు వెలుగుతాయి. ఊరి పేరు కలపండి, ఏటి పేరు కలపండి. నాగావళి ఉంది, వంశధార ఉంది. పేరు పోయిందన్న బాధ పోయి, పేరు దొరికిందన్న సంతోషం వస్తుంది. సూచన ఒకటి చెప్పి ఆగిపోకండి, రెండు మూడు చెప్పండి. ఎంచుకునేది వాళ్ళు.

ప్రశ్నలు అడగండి, ఇంకా పది నిమిషాలు ఉంది.

ఆఁ, చెప్పమ్మా. "మర్యాదగా అడిగినా మార్చనంటే?" అని అడుగుతోంది. అంటారు. ఒకావిడ డ్వాక్రా గ్రూపు పేరుతో వచ్చారు. "మా పదిమందిదీ ఈ పేరు. నేనొక్కదాన్నే నా పేరు పెట్టుకుంటే మిగతావాళ్ళు ఏమనుకుంటారు?" అన్నారు. ఎంత న్యాయమైన మాట! నేను వాదించలేదు. పదిమందికీ పది ఖాతాలు తెరుద్దాం, ప్రతి ఒక్కరి వాడుకరి పేజీలోనూ గ్రూపు పేరు రాసుకుందాం అన్నాను. ముగ్గురు తెరిచారు. ఆ ముగ్గురూ ఇప్పటికీ రాస్తున్నారు. అంత చెప్పినా మార్చకపోతే, అప్పుడు నిర్వాహకులు ఆ పేరుని ఆపుతారు. ఆపినప్పుడు కూడా కొత్త పేరుతో రావడానికి దారి తెరిచి ఉంచి ఆపవచ్చు. మనిషిని ఆపడం వేరు, పేరుని ఆపడం వేరు. ఆ తేడా సందేశంలో స్పష్టంగా రాయమని నిర్వాహకుల్ని అడగండి.

వెనక అబ్బాయి... గట్టిగా అడుగు బాబూ. "ఒకే కొత్త మనిషికి ముగ్గురు కార్యకర్తలు మూడు సందేశాలు పెడితే?" చాలా మంచి ప్రశ్న. పెట్టొద్దు. ఒకరు మొదలుపెడితే మిగతావాళ్ళు ఆగండి. మీరు ఎంత మెత్తగా రాసినా, ముగ్గురు చుట్టూ నిలబడితే పంచాయితీ పెట్టినట్టే ఉంటుంది. మీకు చెప్పాల్సింది ఉంటే మొదట రాసినవాళ్ళకి చెప్పండి.

ఇంకొకటి... ఆఁ, టీ దగ్గర అడిగిన అబ్బాయే. "పలాస ఆయనకి మళ్ళీ రాశారా మాస్టారూ?"

రాశాను. ఇందాక చదివిన సందేశం ఆయన చర్చా పేజీలో నా పాత సందేశం కింద ఉంది. పాతది చెరిపెయ్యలేదు, కింద క్షమించమని రాశాను. జవాబు రాలేదు. ఆ పేజీ నా వీక్షణ జాబితాలో పెట్టుకున్నాను. పొద్దున్న లాగిన్ కాగానే అది చూస్తాను.